కడపలో నాలుగంతస్తుల వాణిజ్య భవనం: వినియోగ వర్గం, ఆక్యుపెంట్ లోడ్ నిర్ధారించిన తీరు

కడపలో ఎర్రముక్కపల్లె వైపు కట్టిన ఒక వాణిజ్య భవనానికి అగ్ని భద్రత సలహాదారుగా నేను చేసిన పని వివరాలు ఇవి. కింది అంతస్తుతో కలిపి నాలుగు అంతస్తులు, మొత్తం ఎత్తు 13.5 మీటర్లు. ఒక్కో అంతస్తు 24 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పుతో 384 చదరపు మీటర్లు. స్థలం 700 చదరపు మీటర్లకు కొద్దిగా పైన ఉంటుంది. ఆమోదం పొందిన ప్లానులో కింద దుకాణాలు, పైన మూడు అంతస్తుల్లోనూ కార్యాలయాలు అని ఉంది. స్లాబులన్నీ పూర్తయి ప్లాస్టరింగ్ సాగుతున్న దశలో యజమాని అద్దెదారులను కుదుర్చుకున్నారు: కింది అంతస్తు, మొదటి అంతస్తు కలిపి ఒక బట్టల షోరూముకు, రెండో అంతస్తు గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే కోచింగ్ సెంటరుకు ఇచ్చారు. మూడో అంతస్తులో నిశ్చితార్థాలకు, సీమంతాలకు, ఓణీల వేడుకలకు అద్దెకిచ్చే ఏసీ ఫంక్షన్ హాలు తామే నడుపుకోవాలనుకున్నారు.

ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలా, అక్కర్లేదా? వాణిజ్య భవనానికి 15 మీటర్ల ఎత్తు దాటితేనే కావాలి కదా, మనది 13.5 మీటర్లే కదా అని ప్లాను గీసినవారు ఆయనకు చెప్పి ఉన్నారు. ప్లానులో రాసిన వినియోగం అలాగే ఉండి ఉంటే ఆ మాట సరైనదే. అయితే మన రాష్ట్రంలో పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు వంటి జనం గుమిగూడే భవనాలకు హద్దు వేరు. స్థలం 500 చదరపు మీటర్లు, అంతకు మించి ఉన్నా, ఎత్తు 6 మీటర్లు దాటినా ముందస్తు అనుమతి తప్పనిసరి. కాబట్టి ఎన్‌ఓసీ ప్రశ్నకు జవాబు ఎత్తు దగ్గర దొరకదు. ఈ భవనంలో జనం ఏ పని మీద చేరుతారు, ఎంతమంది చేరుతారు అన్న రెండు విషయాలు ముందు తేలాలి.

వర్గం నిర్ణయించడం

భారత జాతీయ భవన నియమావళి 2016లోని నాలుగో భాగం భవనాలను వినియోగాన్ని బట్టి తొమ్మిది వర్గాలుగా విభజిస్తుంది. నివాసం ఎ, విద్య బి, సంస్థాగతం సి, సమావేశం డి, వ్యాపార కార్యాలయం ఇ, అమ్మకం ఎఫ్, పరిశ్రమ జి, నిల్వ హెచ్, ప్రమాదకర వినియోగం జె. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అమెరికా వారి అంతర్జాతీయ భవన కోడ్‌లో ఇ అంటే విద్య, బి అంటే వ్యాపారం. మన నియమావళిలో అవి సరిగ్గా తారుమారుగా ఉంటాయి. ఈ భవనం ప్లాను షీటు మీద కోచింగ్ అంతస్తుకు ఇ అని రాసి ఉండడం చూశాను. ఏదో విదేశీ టెంప్లేటు నుంచి తెచ్చుకున్న పట్టిక అది. ఆ ఒక్క అక్షరం వల్ల ఆ అంతస్తు మన కోడ్ ప్రకారం ఆఫీసుగా మారిపోయి, మనిషికి 4 చదరపు మీటర్లకు బదులు 10 చదరపు మీటర్ల లెక్క పడింది.

షోరూము వర్గం తేలిక. దుకాణాల్లో 500 చదరపు మీటర్ల వరకు ఎఫ్-1, దాటితే ఎఫ్-2. ఒక్కో అంతస్తు 384 చదరపు మీటర్లే అయినా రెండంతస్తులూ ఒకే దుకాణం, మధ్యలో తెరిచి ఉన్న లోపలి మెట్లతో కలిసి ఉన్నాయి. కనుక 768 చదరపు మీటర్ల ఎఫ్-2గా తీసుకున్నాను. కోచింగ్ సెంటరు బి-2. సీనియర్ సెకండరీ వరకు ఉన్న బడులు బి-1 కిందికి, మిగతా శిక్షణ సంస్థలన్నీ బి-2 కిందికి వస్తాయి. ఇరవై మందికి తక్కువ కాకుండా చదువు కోసం చేరితే చాలు, అది విద్యా వర్గమే.

మూడో అంతస్తు వర్గం తేల్చడానికి కాస్త సమయం పట్టింది. శాశ్వత వేదిక, బిగించిన కుర్చీలు లేని హాలులో 300 మంది, అంతకు మించి పడితే డి-3, లోపైతే డి-4. అంటే ఇక్కడ వర్గం తెలియాలంటే ముందు సంఖ్య తెలియాలి, ఆ సంఖ్య తేలాలంటే హాలును ఎలా వాడుతారో తెలియాలి. ఆ లెక్క కిందే వస్తుంది.

ఇలా ఒకే భవనంలో పలు వినియోగాలు కలిసినప్పుడు, తగిన అగ్ని నిరోధక గోడలతో పూర్తిగా విడదీస్తే తప్ప, ఎక్కువ ప్రమాదం ఉన్న వినియోగానికి వర్తించే నియమాలే మొత్తం భవనానికి వర్తిస్తాయి. కింద బట్టల నిల్వ, పైన విద్యార్థులు, ఆపైన ఎల్‌పీజీ పొయ్యిలతో వంట, అందరికీ ఒకే మెట్లదారి అన్న ఏర్పాటులో ఏ అంతస్తునూ విడిగా చూడడం కుదరదు.

తలల లెక్క

ఆక్యుపెంట్ లోడ్, అంటే ఒక అంతస్తులో ఉంటారని లెక్కించాల్సిన జనం సంఖ్య విషయంలో నియమావళి మాట స్పష్టంగా ఉంది. వాస్తవంగా ఉండే జనం సంఖ్య, విస్తీర్ణాన్ని నియమావళి పట్టికలోని గుణకంతో (మనిషికి ఇన్ని చదరపు మీటర్లు అన్న అంకెతో) భాగిస్తే వచ్చే సంఖ్య, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే తీసుకోవాలి. గుణకం ఇచ్చేది కనీస సంఖ్యను. చాలామంది దాన్నే గరిష్ఠంగా భావించి అక్కడితో ఆపేస్తారు. కోచింగ్ సెంటర్ల విషయంలో ఈ పొరపాటు ప్రాణాంతకం.

రెండో అంతస్తునే చూద్దాం. విద్యా వర్గానికి మనిషికి 4 చదరపు మీటర్లు. 384ను 4తో భాగిస్తే 96 మంది. ప్లాను మీద చూస్తే అంతే, మెట్లకు ఏ ఇబ్బందీ లేదు. అద్దెదారు ఇచ్చిన ఫర్నిచరు లేఔటు తెప్పించి బెంచీలు లెక్కపెడితే కథ మారింది. పెద్ద గదిలో 40 బెంచీలు, మధ్య గదిలో 20, చిన్న గదిలో 10, బెంచీకి ముగ్గురు. 210 మంది విద్యార్థులు. బోధకులు, ఆఫీసు సిబ్బంది కలిపి మరో 12 మంది. మొత్తం 222. పట్టిక ఇచ్చిన సంఖ్యకు ఇది రెండింతలకు పైన. మన ఊళ్లలో కోచింగ్ గదుల్లో విద్యార్థులు మోచేతులు తగిలేలా కూర్చుంటారని తెలియనివారు లేరు, ఆ తెలిసిన సంగతినే లెక్కలోకి తేవాలి. 2019 మే 24న సూరత్‌లోని తక్షశిల ఆర్కేడ్‌లో పై అంతస్తు కోచింగ్ సెంటరులో చిక్కుకుని 22 మంది విద్యార్థులు చనిపోయారు. మెట్లదారి అందక పిల్లలు కిటికీల నుంచి దూకిన ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ తర్వాత కూడా ఇలాంటి అంతస్తును 96 మందిగా చూపించి సంతకం చేయడం నాకు సాధ్యం కాదు.

షోరూములో వీధి మట్టంలోని అమ్మకపు అంతస్తుకు మనిషికి 3 చదరపు మీటర్లు, పై అమ్మకపు అంతస్తుకు 6. కింద 128 మంది, పైన 64 మంది. రంజాన్ చివరి వారంలో, దసరా ముందు కింద 200 మంది దాకా ఉంటారని మేనేజరు చెప్పారు కాబట్టి కింది అంతస్తుకు 200 వేశాను. సమతలంలో బయటికి వెళ్లే దారికి మనిషికి 6.5 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. 200 మందికి 1300 మిల్లీమీటర్లు కావాలి, ముందు ద్వారం 3 మీటర్లు ఉంది. ఇక్కడితో షోరూము లెక్క పూర్తయింది.

ఇక ఫంక్షన్ హాలు. పాత ప్లాను ప్రకారం కార్యాలయంగా అయితే మనిషికి 10 చదరపు మీటర్ల చొప్పున ఈ అంతస్తులో 39 మంది. కొత్త లేఔటులో కుర్చీలు వేసే హాలు 180 చదరపు మీటర్లు, భోజనశాల 96 చదరపు మీటర్లు, మిగిలింది వంటగది, పెళ్లికూతురి గది, టాయిలెట్లు, మెట్లు, లిఫ్టు. బిగించని కుర్చీలతో దగ్గరదగ్గరగా జనం కూర్చునే చోట మనిషికి 0.65 చదరపు మీటర్లు, అంత దట్టంగా లేని వాడకానికి 1.4. హాలుకు 277, భోజనశాలకు 69. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు 14 మంది. మొత్తం 360. ఈ సంఖ్యతో హాలు డి-3 అయింది. 39 మంది కోసం ఆమోదం పొందిన అంతస్తు మీద 360 మంది.

యజమాని ఈ సంఖ్య చూసి ఒప్పుకోలేదు. "నూటయాభై మందికి మించి ఎవరొస్తారు సార్ మా హాలుకు, మేం వేసే కుర్చీలే అన్ని" అన్నారు. ఆయన నిజాయితీగానే అన్నారు. కానీ ఆ నూటయాభై కుర్చీలు వేయాలా, మూడువందలు వేయాలా అన్నది ప్రతి వేడుకకూ టెంట్‌హౌస్ వాడు, హాలు అద్దెకు తీసుకున్న కుటుంబం కలిసి తేల్చుకునే విషయం. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి మూలన ఉంచుతారు. బంధువులు ఎక్కువైతే దించి వేస్తారు. దాన్ని ఆపే గోడ గానీ, నియమం గానీ ఆ హాలులో లేదు. కుర్చీలు బిగించి ఉంటే వాటిని లెక్కపెట్టి ఆ సంఖ్యనే తీసుకోవచ్చు. బిగించనప్పుడు నేల విస్తీర్ణమే ప్రమాణం.

ఆయన రెండో వాదన ఇంకా బలమైనది, దాన్ని జాగ్రత్తగా పరిశీలించాను. హాలులో కూర్చున్నవాళ్లే భోజనానికి వెళ్తారు కదా, ఒకే మనిషిని రెండు చోట్లా ఎలా లెక్కిస్తారు అని అడిగారు. రెండు గదులూ ఒకే జనం ఒకరి తర్వాత ఒకటిగా వాడుకునేవైతే ఒకదాన్ని వదిలేయడంలో తప్పు లేదు, ఇతర దేశాల కోడ్‌లు దాన్ని ఒప్పుకుంటాయి కూడా. బడిలో తరగతి గది, ప్రార్థన హాలు అలాంటివే. మన వేడుకలు అలా జరగవు. ఉదయం ముహూర్తం వేళ అందరూ హాలులో ఉంటారేమో గానీ, సాయంత్రం రిసెప్షన్‌లో ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా జనం వస్తూ పోతూ ఉంటారు. ఒక పంక్తి తింటుంటే తర్వాతి పంక్తి వాళ్లు కుర్చీల వెనకాలే నిలబడి ఎవరు లేస్తారా అని చూస్తుంటారు. అదే సమయంలో హాలులో వేదిక ముందు ఫొటో కోసం వరుస ఉంటుంది, కుర్చీలు నిండి ఉంటాయి, పిల్లలు మధ్యలో పరుగులు తీస్తుంటారు. ఆ రెండు గంటల్లో రెండు గదులూ ఒకేసారి నిండి ఉంటాయి. భోజనశాలలో నిలబడ్డవాళ్లను కలిపితే 69 తక్కువే. కనుక రెండింటినీ కలిపే లెక్కించాను. భవనం అత్యంత నిండుగా ఉండే ఆ ఘడియనే ప్రమాణంగా తీసుకోవాలి తప్ప, సగటు రోజును కాదన్నది నా నిశ్చితాభిప్రాయం.

మెట్లు ఎంతమందిని దించగలవు

సంఖ్యలు తేలాక మెట్ల దగ్గరికి వెళ్లాం. ప్లానులో 1.5 మీటర్ల ఆర్‌సీసీ మెట్లదారి ఒకటి, వెనకాల గుండ్రటి ఇనుప మెట్లు ఒకటి చూపించారు. ఇనుప మెట్లను పక్కన పెట్టాను. తక్కువ జనం ఉన్న, 9 మీటర్లలోపు ఎత్తు భవనాలకే గుండ్రటి మెట్లను నియమావళి అనుమతిస్తుంది. లిఫ్టు ఎలాగూ నిష్క్రమణ దారి కిందికి రాదు.

మిగిలిన ఆ ఒక్క మెట్లదారినీ టేపుతో కొలిచాం. గోడ నుంచి రైలింగ్ దాకా అంతటా 1.5 మీటర్లు సరిగ్గానే ఉంది, కింది వరసలో తప్ప. అక్కడ గోడకు నాలుగు అంతస్తుల కరెంటు మీటర్ల పెట్టెలన్నీ వరుసగా బిగించి ఉన్నాయి. వాటి ముందు మిగిలిన దారి 1.2 మీటర్లు. మెట్లకు మనిషికి 10 మిల్లీమీటర్ల లెక్కన 150 మందిని దించాల్సిన దారి అక్కడ 120 మందిదే అయిపోయింది. పైగా షార్ట్ సర్క్యూట్ జరిగితే మంట, పొగ మొదలయ్యేది సరిగ్గా అందరూ దిగివచ్చే చోటే. మెట్ల గుండా విద్యుత్ షాఫ్టులు పోకూడదని నియమావళి చెబుతోంది, మీటర్ల విషయంలోనూ కారణం అదే. మన ఊళ్లలో పాత, కొత్త భవనాలన్నింటిలోనూ మీటర్లు మెట్ల కిందే కనిపిస్తాయి. లైన్‌మన్‌కు సులువని అక్కడ పెడతారు. మెట్లు నున్నగా పాలిష్ చేసిన కడప నల్లబండలు. మన జిల్లా రాయి, చూడడానికి బాగుంటుంది. నీళ్లు పడితే జారుతుంది. అంచుకు జారని పట్టీలు లేవు. చేతులు కడుక్కున్న నీళ్లు ఒలికే భోజనశాల పైనుంటే ఇది చిన్న విషయం కాదు.

అంతస్తుల లోడులను మెట్ల వెడల్పు కోసం ఒకదాని మీద ఒకటి కూడనక్కర్లేదు. ఏ అంతస్తులో ఎక్కువ మంది ఉంటారో దానికి సరిపోతే చాలు. మూడో అంతస్తుకు 360 మంది, అంటే 3600 మిల్లీమీటర్లు కావాలి. ఉన్నది 1500. వెనుకవైపు 2.25 మీటర్ల కొత్త మెట్లు కడితే 225, పాతవి 150, మొత్తం 375, సరిపోతుంది కదా అని ప్లాను గీసినవారు ప్రతిపాదించారు. కూడిక సరిగ్గానే ఉంది. అయితే 150 మందికి తక్కువ ఉన్నప్పుడు తప్ప, సమావేశ వర్గానికి ప్రతి మెట్లదారీ కనీసం 2 మీటర్లు ఉండాలి. పాత మెట్లదారి ఆ కనీసాన్ని అందుకోదు, దాన్ని వెడల్పు చేయాలంటే నాలుగు స్లాబులూ కోయాలి.

వెడల్పు సమస్య తీరినా మరొక అడ్డంకి మిగిలేది. స్ట్రక్చరల్ డ్రాయింగుల్లో పై అంతస్తులకు చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్ల లైవ్ లోడు (మనుషులు, సామాన్ల వల్ల స్లాబు మీద పడే బరువు) తీసుకున్నారు. బిగించని కుర్చీల సమావేశ మందిరానికి భవనాల బరువుల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం 5 కిలోన్యూటన్లు అడుగుతుంది. తరగతి గదికి 3 చాలు. వినియోగ వర్గం మారితే మారేది అగ్ని భద్రత ఒక్కటే కాదు. ఈ విషయంలో యజమానిని స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి పంపాను. ఆయనా వద్దనే చెప్పారు.

హాలును చిన్నది చేసి 150 లోపు తెద్దామా అన్న ఆలోచనా వచ్చింది. హాలు 70 చదరపు మీటర్లు, భోజనశాల 45 చేస్తే 108, 33 కలిపి 141. వంటవాళ్లను కలిపితే గీత దాటుతుంది. గీతకు ఆనుకుని నిలబడే లెక్కను నేను ప్రోత్సహించలేదు. చిన్న హాలు పక్కన ఖాళీ విస్తీర్ణం ఉంటే మొదటి పెళ్లిళ్ల సీజనులోనే మధ్య గోడ పోతుంది. చివరికి యజమాని మూడో అంతస్తులో ఫంక్షన్ హాలు ఆలోచన మానుకున్నారు. తమకే ఉన్న మరో స్థలంలో నేల మట్టంలో కట్టుకోవడం మేలని చెప్పాను. అక్కడ జనం మెట్లు దిగనక్కర్లేదు, వెడల్పు ద్వారాలు నేరుగా ఆరుబయటికి తెరుచుకుంటాయి.

అమలు చేసింది

మూడో అంతస్తు కార్యాలయంగానే, ఇ-1గా, 39 మందికి నిలిచింది. కోచింగ్ ఉంది కనుక ఎన్‌ఓసీ మాత్రం తప్పలేదు. రెండో అంతస్తులోని 222 మందికి 2220 మిల్లీమీటర్లు కావాలి. వెనకాల ఇనుప మెట్లు తీసేసి, 1.5 మీటర్ల రెండో ఆర్‌సీసీ మెట్లదారి కట్టించాం. సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదిలిన ఖాళీ స్థలంలో కడితే ఫైరింజను తిరిగే దారి పోతుందని, భవనం లోపలే ఒక మూల గదిని వదులుకున్నారు. చదరపు అడుగుల అద్దె లెక్కలో అది ఆయనకు నష్టమే, అయినా చేశారు. విద్యా వర్గానికి 1.5 మీటర్లు కనీస వెడల్పే కాబట్టి రెండు దారులూ కలిపి 300 మందికి సరిపోతాయి. ఒకటి పొగతో నిండినా రెండోది 150 మందిని దించుతుంది. మీటర్లను బయటి గోడకు, ప్రత్యేక గదిలోకి మార్పించాం. నల్లబండ మెట్ల అంచులకు గరుకు గాడులు కొట్టించి పట్టీలు వేయించాం.

పెద్ద తరగతి గదికి ఒకే తలుపు ఉండేది. 120 మందికి 780 మిల్లీమీటర్లు చాలు కనుక వెడల్పు లెక్క ప్రకారం ఒక మీటరు తలుపుతో సరిపోయినా, విద్యా భవనాల్లో 45 మందిని మించే గదికి రెండు ద్వారాలు ఉండాలి. రెండో మూల గోడ తెరిచి తలుపు పెట్టించాం, రెండూ బయటికే తెరుచుకుంటాయి. ప్రతి అంతస్తుకూ వర్గం, గుణకం, విస్తీర్ణం, పట్టిక ప్రకారం సంఖ్య, వాస్తవ సంఖ్య, ఏది తీసుకున్నామో, ఎందుకు తీసుకున్నామో ప్లాను షీటు మీదే పట్టికగా రాయించాను. కారణం రాయని సంఖ్యను తర్వాత వచ్చేవాళ్లు ఎవరైనా మార్చేయగలరు. తరగతి గదుల తలుపుల మీద గరిష్ఠ సంఖ్య తెలుగులో రాసిన బోర్డులు పెట్టించాం.

భవనం వాడుకలోకి వచ్చాక కోచింగ్ సెంటరు వారే మూడో అంతస్తును స్టడీ హాలుగా తీసుకోవాలని అడిగారు. ఒక్కొక్కరికి ఒక చిన్న క్యాబిన్, రాత్రంతా చదువుకునే ఏర్పాటు, 160 సీట్లు. మళ్లీ లెక్క వేశాం. విడి గ్రంథాలయమైతే ఇ-2 కిందికి వస్తుంది. ఇది అదే సంస్థ, అదే విద్యార్థుల కోసం నడిపేది కాబట్టి బి-2గానే చూశాను. 160 మందికి 1600 మిల్లీమీటర్లు, మెట్లు సరిపోతాయి. క్యాబిన్ల మధ్య నడవాలు ఇరుకుగా గీశారు, ఒక వరుస తీయించాను. ఏసీ కోసం మూసేసిన కిటికీల్లో కొన్నింటిని తెరుచుకునేవిగా మార్పించాను. ఒక్క విషయం దగ్గర ఆగాను. రాత్రి పది తర్వాత కాపలాదారు వెనక మెట్ల కింది తలుపుకు తాళం వేసుకుని ముందు గేటు దగ్గర కూర్చునేవాడు. పై అంతస్తులో 160 మంది ఉండగా కింద తాళం పడితే రెండో మెట్లదారి లేనట్టే. లోపలి నుంచి నెడితే తెరుచుకునే, బయటి నుంచి తెరవలేని కడ్డీ గడియ బిగించి, పాత గడియ కొక్కేన్ని కోసేశాకే కొత్త లోడు పట్టిక మీద సంతకం పెట్టాను.